డిమెన్షియాకు ప్రభుత్వ సాయం: ఏ తలుపు తట్టాలి, ఏ కాగితం మీద ఏం రాయించాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమ్మగారికి 72 ఏళ్లు, తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు, వితంతు పింఛను అందుతోంది. రెండేళ్లుగా మతిమరుపు ముదురుతూ వచ్చి, ఈమధ్యే న్యూరాలజిస్టు అల్జీమర్స్ అని తేల్చారు. మీరు హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగి. ఇంట్లో మనిషిని పెట్టి చూసుకుంటున్నారు, ఆ జీతమే బరువైపోయింది. ప్రభుత్వం నుంచి ఏం వస్తుంది, రీసెర్చ్‌లో చేర్పిస్తే వైద్యం ఉచితమా అన్నది ప్రశ్న.

ముందే చెప్పేస్తాను: పెట్టుకున్న మనిషికి జీతం ఇచ్చే పథకం కేంద్రంలో లేదు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేదు. కేరళలో ఆశ్వాసకిరణం అని ఒకటుంది, మంచాన ఉన్నవాళ్లను చూసుకునే ఇంటివాళ్లకు నెలకు 600 రూపాయలే. డిమెన్షియా కోసమే ప్రత్యేకంగా ఒక జాతీయ ప్రణాళిక కూడా మన దేశానికి లేదు. వచ్చేదల్లా పక్కదారుల్లో వస్తుంది: వైకల్యం శాతం, వయసు, ఆసుపత్రి అడ్మిషన్, ఆదాయపు పన్ను. ఒక్కో దారికి ఒక్కో కాగితం. ఆ కాగితం మీద సరైన మాట లేకపోతే తలుపు తెరుచుకోదు. జబ్బు ఉండి, అర్హత ఉండి కూడా చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే.

అయితే పథకాలన్నిటికంటే ముందు సంతకం సంగతి చూసుకోండి. పథకం వచ్చే ఏడాదీ ఉంటుంది, అమ్మగారి సంతకానికి చట్టపరమైన విలువ ఉంటుందన్న నమ్మకం లేదు.

చాలామంది చేసే పని, రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) రాయించుకోవడం. ఇది ఉపయోగపడదు. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి మతి స్థిమితం కోల్పోతే ఆ అధికారం అక్కడితో రద్దవుతుంది. అంటే సరిగ్గా మీకు అవసరమైన రోజున అది చెల్లదు. కొన్ని దేశాల్లో మతి పోయాక కూడా నిలిచే పవర్ ఆఫ్ అటార్నీ ఉంది. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న బంధువులు "రాయించేయండి" అని సలహా ఇస్తే దాన్ని దృష్టిలో పెట్టుకునే ఇస్తారు. మన చట్టంలో అది లేదు.

ఇప్పుడు చేయదగ్గవి ఇవి. అమ్మగారి బ్యాంకు ఖాతాలోనూ ఫిక్స్‌డ్ డిపాజిట్లలోనూ మీ పేరు జాయింటుగా చేర్చి, 'ఇద్దరిలో ఎవరైనా' అనే పద్ధతి పెట్టించండి. నామినీగా పేరుంటే చాలదు, నామినీకి హక్కు వచ్చేది ఖాతాదారు పోయాకే. వీలునామా రాసే ఆలోచన ఉంటే అదే రోజున డాక్టరు చూసి "విషయం అర్థం చేసుకుని నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉన్నారు" అని రాసిన కాగితం జత చేయండి. నెల పాతబడిన సర్టిఫికెట్‌ను రేపు కోర్టులో ఎవరైనా సులువుగా కొట్టేస్తారు. మూడోది, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షన్ కింద మిమ్మల్ని నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా పెట్టుకోవడం. తెల్ల కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. అది వైద్యం విషయాలకే పనికొస్తుంది, ఆస్తికి కాదు.

ఇవేవీ చేయకముందే పరిస్థితి చేయి దాటిపోతే మిగిలేది హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ వేసి గార్డియన్‌గా నియమించమని అడగడం. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్లకే. నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే. కోమాలో ఉన్నవాళ్ల విషయంలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ తర్వాత వచ్చే పిటిషన్లు ఎక్కువగా ఆ దారినే వాదిస్తున్నాయి. దీనికి లాయరు ఖర్చు, నెలల సమయం రెండూ పోతాయి. జాయింట్ ఖాతాకు ఒక పూట చాలు.

ఇక డాక్టరు కాగితం. మీ దగ్గరున్న ప్రిస్క్రిప్షన్ మీద బహుశా జబ్బు పేరు పొడి అక్షరాల్లో ఉండి, కింద డొనెపెజిల్ 5 అని మందు పేరు ఉంటుంది. మందుల షాపుకు అది చాలు గానీ వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే మెడికల్ బోర్డుకు చాలదు. వచ్చే విజిట్‌లో లెటర్‌హెడ్ మీద వివరంగా రాసివ్వమని అడగండి. జబ్బు పేరు, ఎప్పటి నుంచి లక్షణాలు ఉన్నాయి, ఏ పరీక్షలో ఎంత స్కోరు వచ్చింది, ఏ భాషలో చేశారు, డిమెన్షియా తీవ్రతను కొలిచే సీడీఆర్ స్టేజి ఎంత (ఒకటి స్వల్పం, రెండు మధ్యస్థం, మూడు తీవ్రం), రోజంతా పక్కన మనిషి అవసరమా, ముదిరే జబ్బా లేక తగ్గే అవకాశం ఉందా. ఈ చివరి ముక్క చాలా ముఖ్యం. అది లేకపోతే టెంపరరీ సర్టిఫికెట్ ఇచ్చి, మళ్లీ బోర్డు ముందుకు రమ్మంటారు.

భాష, చదువు ఎందుకు రాయించాలంటే, బడి మొహం చూడనివాళ్లకు జ్ఞాపకశక్తిని ప్రశ్నలతో చూసే మామూలు ఎంఎంఎస్ఈ పరీక్ష పెడితే జబ్బు లేకపోయినా స్కోరు తక్కువే వస్తుంది. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంటే, ఎప్పుడూ లెక్క చేయని ఆవిడ ఏం చెబుతారు? తెలుగువాళ్లకు ఇక్కడ ఒక అదృష్టం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారు చేయించిన న్యూరోకాగ్నిటివ్ టూల్‌బాక్స్ అనే పరీక్షల కట్ట హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళంతో పాటు తెలుగులోనూ ఉంది. అడెన్‌బ్రూక్స్ అనే ఇంకో మతి పరీక్షకూ తెలుగు రూపం ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లాంటి మెమరీ క్లినిక్ ఉన్నచోట వీటితో పరీక్షిస్తారు. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగం మీకు దగ్గర. అనుమానం మిగిలితే నిమ్స్ గానీ బెంగళూరు నిమ్హాన్స్ గానీ.

బీ12, థైరాయిడ్, సోడియం, మెదడు స్కాన్ అయ్యాయో లేదో చూసుకోండి. తలకు దెబ్బ తగిలి మెల్లగా గడ్డకట్టిన రక్తం, మెదడులో నీరు చేరడం, బీ12 లోపం, డిప్రెషన్, ఇంకా నిద్రకో మూత్రానికో వాడే కొన్ని మందులు, ఇవన్నీ డిమెన్షియాలాగే కనిపిస్తాయి, చాలావరకు బాగవుతాయి కూడా. ఇవి కాదని తేల్చిన రిపోర్టులు ఫైల్లో ఉంటే బోర్డులో ఎవరూ వెనక్కి పంపరు.

ఇప్పుడు సదరం, అంటే వైకల్యం శాతం కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆ జాబితాలో డిమెన్షియా అనే మాట లేదు. అందుకే కొన్నిచోట్ల "ఇది రాదు" అని పంపించేస్తారు. కానీ చట్టంలో మానసిక రుగ్మత నిర్వచనం చదవండి: ఆలోచన, మూడ్, గ్రహణశక్తి, దిశ-కాల స్పృహ, జ్ఞాపకశక్తి, వీటిలో గణనీయమైన లోపం వల్ల విచక్షణో రోజువారీ పనులో దెబ్బతినడం. జ్ఞాపకశక్తి అనే మాట అందులోనే ఉంది. రెండో దారి, దీర్ఘకాలిక నాడీ సంబంధ రుగ్మతలు. అక్కడ మల్టిపుల్ స్క్లిరోసిస్, పార్కిన్సన్స్ ఉదాహరణలుగా ఇచ్చారు, 'వంటివి' అన్నారు. ఆచరణలో మొదటి దారే సాఫీగా సాగుతుంది, ఎందుకంటే దానికి కొలిచే స్కేలు ఉంది.

ఏపీలో సచివాలయంలోనో మీసేవలోనో, తెలంగాణలో మీసేవలో స్లాట్ బుక్ చేస్తారు. దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) ఇచ్చే స్వావలంబన్ పోర్టల్లో ఆధార్‌తో నేరుగానూ దరఖాస్తు పెట్టొచ్చు. బుక్ చేసేటప్పుడు వైకల్యం రకం దగ్గర ఆపరేటరు అలవాటుగా శారీరక వైకల్యం నొక్కేస్తాడు. ఆ పొరపాటు జరిగితే క్యాంపులో ఎముకల డాక్టరు ముందు కూర్చుంటారు, ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. 'మానసిక రుగ్మత' అని పెట్టించి, సైకియాట్రిస్టు కూర్చునే ఆసుపత్రికే స్లాట్ తీసుకోండి.

అక్కడ వాడే స్కేలు పేరు ఐడియాస్. నాలుగు అంశాలు చూస్తారు: తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట-అర్థం, పని. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు. జబ్బు ఎన్నాళ్లుగా ఉందో దానికి మరికొన్ని మార్కులు. మొత్తం ఏడు వస్తే 40 శాతం గీతకు చేరినట్టు. అందుకే లక్షణాలు మొదలైన సంవత్సరం కాగితం మీద ఉండటం ముఖ్యం. రోగ నిర్ధారణ అయిన తేదీ మాత్రమే ఉంటే మీకు రెండేళ్ల లెక్క పోతుంది.

తప్పు ఎక్కువగా జరిగేది ఈ గదిలోనే. కొత్త మనిషి ఎదురుగా కూర్చుంటే డిమెన్షియా ఉన్నవాళ్లు ఆ పది నిమిషాలు ఎంతో చక్కగా మాట్లాడతారు. "భోంచేశారా అమ్మా?" అంటే "ఆఁ, ఇప్పుడే బాబూ" అంటారు, పొద్దుటి నుంచి ఏమీ తినకపోయినా సరే. పైగా వెంట వచ్చిన కొడుకో కోడలో పరువు కోసం "బాగానే చేసుకుంటుందండీ" అనేస్తారు. ఆ మాటకు స్కోరు పడిపోతుంది. కాబట్టి రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఏ రోజు స్నానం ఎవరు చేయించారు, బట్టల్లో మూత్రం ఎన్నిసార్లు, గ్యాస్ ఆపకుండా వదిలేసింది ఎప్పుడు, దారి తప్పింది ఎప్పుడు, రాత్రి ఎన్నిసార్లు లేచారు. తేదీలతో సహా. ఫోన్‌లో ఒకటి రెండు చిన్న వీడియోలు. ఆమె ముందు ఇవన్నీ చెప్పడం బాధగా ఉంటే డాక్టరుకు నోట్‌బుక్ చేతికివ్వండి, నోటితో అనక్కర్లేదు.

పక్షవాతం వచ్చి, దానితోపాటు మతి కూడా తగ్గినవారికి రెండు వైకల్యాలూ కొలిపించాలి. కలిపే సూత్రం మామూలు కూడిక కాదు. ఎక్కువ శాతానికి, తక్కువ శాతాన్ని 90లో మిగిలిన భాగానికి కుదించి కలుపుతారు. చేయి, కాలు 50, మానసికం 40 అనుకుంటే: 50 కలిపి 40 ఇంటూ 40 బై 90, అంటే సుమారు 68 శాతం.

పింఛను విషయానికొస్తే, ఏపీలో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య, వితంతు పింఛన్లు 4,000, దివ్యాంగులకు 6,000. మీ అమ్మగారికి 40 శాతం, ఆపైన సర్టిఫికెట్ వస్తే వితంతు నుంచి దివ్యాంగ రకానికి మార్చమని సచివాలయంలో అర్జీ పెట్టండి. రెండూ కలిపి రావు. పెరిగేది నెలకు 2,000. మంచాన పడితే 15,000 అని అందరూ చెబుతుంటారు. ఆ రకం పక్షవాతం, ప్రమాదాలు, తీవ్రమైన కండరాల క్షీణతతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లను దృష్టిలో పెట్టుకుని పెట్టింది. అల్జీమర్స్ అనే పేరుతో అడిగితే రాదు. చివరి దశలో కదలలేని స్థితి నిజంగా వచ్చినప్పుడు ఆ శారీరక స్థితిని విడిగా పరీక్షించి రాయించాలి. 2025లో దివ్యాంగ పింఛన్లన్నీ మళ్లీ తనిఖీ చేసి చాలామందికి నోటీసులిచ్చారు కాబట్టి, ఎవరో చెప్పారని ఎక్కువ శాతం వేయించుకునే దారికి పోకండి. ఇప్పుడది నిలవదు.

ఇంకో చిక్కు. అమ్మగారిని హైదరాబాద్ తెచ్చుకుంటే పింఛను సంగతేమిటి? అది ఒకటో తారీఖున ఊళ్లో ఇంటి దగ్గరే ఇస్తారు కదా. రెండు నెలలు అందుకోకపోతే మూడో నెలలో కలిపి ఇస్తారు. వరసగా మూడు నెలలూ లేకపోతే ఊరు వదిలినట్టు లెక్క. తెలంగాణకు మార్చుకోవాలంటే ఇక్కడ రేషన్ కార్డు, చిరునామా అన్నీ కావాలి, ఇక్కడ దివ్యాంగులకు 4,016.

ఆదాయపు పన్ను మీకు అసలైన డబ్బు. దీన్ని ఎవరూ పథకంగా లెక్కేయరు గానీ, ఉద్యోగస్తులకు పింఛను తేడా కంటే ఎక్కువ మిగిలేది ఇందులోనే. సెక్షన్ 80డీడీ కింద మీపై ఆధారపడిన తల్లికి 40 శాతం వైకల్యం ఉంటే 75,000, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 తగ్గింపు. ఎంత ఖర్చు పెట్టారన్నదానితో మొత్తం మారదు. 80డీడీబీ కింద సీనియర్ సిటిజన్ వైద్యానికి నిజంగా అయిన ఖర్చులో, ఇన్సూరెన్స్ ఇచ్చింది పోను, లక్ష వరకు. దీని నిబంధన 11డీడీ జాబితాలో నాడీ జబ్బుల కింద మొట్టమొదటి పేరే డిమెన్షియా. షరతు ఏమిటంటే వైకల్యం 40 శాతం, ఆపైన అని ధ్రువీకరణ ఉండాలి, ప్రిస్క్రిప్షన్ డీఎం న్యూరాలజీ గానీ దానికి సమానమైన అర్హత గానీ ఉన్న డాక్టరుదై ఉండాలి. చూశారా, సదరంకు సైకియాట్రిస్టు, పన్నుకు న్యూరాలజిస్టు. ఒకరి కాగితం ఇంకోచోట చెల్లదు. ఇద్దరినీ వదలకండి. న్యూరాలజిస్టు రాసే కాగితంలో రోగి పేరు, వయసు, జబ్బు పేరు, డాక్టరు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, అర్హత అన్నీ ఉండాలి.

30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు ఈ రెండూ పూర్తిగా వస్తే 2,25,000 మీద సెస్‌తో కలిపి దాదాపు 70,200 మిగులుతుంది. కానీ ఇవి పాత పన్ను విధానంలోనే వర్తిస్తాయి. మీరు కొత్త విధానంలో ఉంటే రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూశాకే మారండి. ఇంటి అప్పు వడ్డీ, పీఎఫ్ లాంటివి పెద్దగా లేనివారికి ఒక్క డిమెన్షియా తగ్గింపుల కోసం మారడం నష్టమే కావచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ నంబర్లు మారాయి. ఆడిటర్‌తో మాట్లాడేటప్పుడు ఏ సంవత్సరం లెక్కో స్పష్టంగా చెప్పండి.

ఒక విషయం ఆలోచించుకోవాల్సి ఉంది. పింఛనుకు అమ్మగారు విడి కుటుంబం, పన్నుకు మీపై ఆధారపడిన మనిషి. పన్ను చట్టంలో 'ఆధారపడటం' అంటే పోషణకు పూర్తిగానో ముఖ్యంగానో మీ మీదే ఉండటం. ఆమె మీ ఇంటి రేషన్ కార్డులో చేరితే, పన్ను కట్టే కొడుకున్న కుటుంబమని పింఛను ఆగిపోతుంది. ఏడాదికి 48,000 పింఛను ఒక పక్క, పన్ను మిగులు ఇంకో పక్క. వాస్తవంగా ఆమె ఎక్కడ, ఎవరి ఖర్చుతో ఉంటున్నారో దాని ప్రకారమే రెండుచోట్లా చెప్పండి. రెండు ప్రభుత్వ రికార్డుల్లో రెండు కథలు ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కలిసిపోతాయి.

వయసు దారిలో పెద్దది ఆయుష్మాన్ వయ వందన కార్డు. 70 నిండినవారందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షలు. 2024 అక్టోబరు 29న మొదలైంది. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్, ముఖ గుర్తింపుతో చేయించొచ్చు. అది అడ్మిషన్లకే. ఓపీ, నెలనెలా మందులు, డైపర్లు, అటెండరు జీతం, ఏవీ రావు. మరెందుకు అంటారా? డిమెన్షియా ఉన్నవాళ్లను ఆసుపత్రికి చేర్చేది సాధారణంగా మతిమరుపు కాదు. పడిపోయి తుంటి ఎముక విరగడం, అన్నం పొరబోయి న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకడం. అప్పుడు లక్షల్లో ఉంటుంది బిల్లు. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పుంటే ఇప్పుడే సరిచేయించండి, పల్లెల్లో వయసు తక్కువ పడిన కార్డులు చాలా ఉన్నాయి. మందుల వరకైతే జన ఔషధి కేంద్రంలో డొనెపెజిల్ అడగండి, బ్రాండు ధరతో తేడా పెద్దదే.

వీల్‌చైరు, కమోడ్ కుర్చీ, వాకర్ లాంటివి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఉచితం. ఈ పథకం 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే మొదలైంది. పేద కుటుంబం అయినా కావాలి, నెలాదాయం 15,000 లోపైనా ఉండాలి. జిల్లాలో క్యాంపు పెట్టినప్పుడే ఇస్తారు, కాబట్టి వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఆఫీసులో పేరు ముందే రాయించండి. వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కి ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఫోన్ చేయొచ్చు. రాత్రుళ్లు కేకలు, అనుమానాలు, కొట్టడం లాంటివి వచ్చి దిక్కుతోచనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. చూసుకునేవాళ్ల కోసం కూడా ఆ నంబరు వాడుకోవచ్చు, మొహమాటపడొద్దు. డిమెన్షియా వృద్ధుల హోములకు కేంద్రం గ్రాంట్లు ఇస్తుంది గానీ అవి నడిపే సంస్థలకు వెళతాయి, మీ చేతికి కాదు. సీటు ఉందా అని ఎల్డర్‌లైన్‌లోనే అడగండి.

చివరిది, రీసెర్చ్. ప్రభుత్వ డబ్బుతో నడిచే పెద్ద పనులు ఎక్కువగా లెక్క తేల్చేవి, కారణాలు వెతికేవి. దేశవ్యాప్తంగా పెద్దవాళ్లలో చేసిన లాసీ-డాడ్ సర్వే 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో చెప్పింది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడుతోందని 2013లో ప్రచురించింది. తెలుగు-దక్కనీ-హిందీ కలిసి నడిచే ఊరు కావడం వల్లే అది సాధ్యమైంది. ఇలాంటి అధ్యయనంలో చేరితే మంచి పరీక్షలు ఉచితంగా అవుతాయి, వైద్యం మాత్రం మీరు మామూలుగా చేయించుకోవాల్సిందే.

మందు ప్రయోగమైతే వేరు. ముందు మందు ప్రయోగాలను నమోదు చేసే ప్రభుత్వ సీటీఆర్ఐ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ నంబరు ఉందో చూడండి. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. అమ్మగారు అర్థం చేసుకుని ఒప్పుకోలేని స్థితిలో ఉంటే ఆమె తరఫున చట్టబద్ధ ప్రతినిధి సంతకం కావాలి. ప్రయోగంలో ఉన్న మందుకు మీ దగ్గర డబ్బు అడిగితే అది ప్రయోగం కాదు, వ్యాపారం. ముఖ్యంగా స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తామని, అల్జీమర్స్ వెనక్కి మళ్లుతుందని లక్షలు అడిగేవాళ్లు. 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం ఆమోదించిన కొన్ని జబ్బులకు తప్ప స్టెమ్ సెల్స్‌ను వైద్యంగా అమ్మకూడదు, ఆ జాబితాలో డిమెన్షియా లేదు. అలాంటి చోట ఇచ్చిన బిల్లును మీరు ఏ పథకంలోనూ పెట్టుకోలేరు కూడా.